దగ్గులో రక్తం పడితే మూత్రం కూడా చూపించండి



దగ్గితే రక్తం పడిందనగానే మన విశాఖలో ఏ ఇంట్లోనైనా ముందు తట్టేది టీబీ. అలా తట్టడం మంచిదే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. సర్కారు ఆసుపత్రుల్లో తెమడ పరీక్ష ఉచితం, మందులూ ఉచితం, మానకుండా వాడితే జబ్బు నయమవుతుంది. కాబట్టి ఛాతీ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోమని పక్కింటావిడ చెప్పినా, మందుల షాపు కుర్రాడు చెప్పినా వినాల్సిందే.

నేను మాట్లాడదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి. తెమడలో క్రిమి కనబడలేదు. మళ్లీ చేశారు, మళ్లీ లేదు. ఎక్స్‌రేలో మచ్చలు మాత్రం ఉన్నాయి. ఎందుకైనా మంచిదని టీబీ మందులు మొదలుపెట్టారు. నెల దాటింది. జ్వరం విడవలేదు, ఆయాసం ఎక్కువైంది, మనిషి చిక్కి సగమైపోయాడు. ఇలాంటి వాళ్లలో కొద్దిమందికి ఉన్నది క్షయ కానే కాదు. రక్తనాళాల గోడలు వాచి, పుండుపడి, చిట్లిపోయే జబ్బు. దాన్ని వాస్క్యులైటిస్ అంటారు.

అరుదైన జబ్బే. ఇందులో ఊపిరితిత్తులను ఎక్కువగా పట్టే రకాలు ఐరోపా లెక్కల్లో ఏడాదికి పదిలక్షల జనాభాకు సుమారు 10 నుంచి 20 మందికి కొత్తగా వస్తున్నాయి. ఇంత అరుదైన దాని గురించి రేడియోలో ఎందుకని మీకు అనిపించవచ్చు. పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది, పట్టుకోకపోతే నెలల్లో పోతుంది కాబట్టి. పైగా అనుమానం రావడానికి కావలసింది పెద్ద యంత్రం కాదు. వందో రెండొందలో అయ్యే మూత్ర పరీక్ష చాలు. ఊపిరితిత్తి జబ్బుకు మూత్రం చూడమంటున్నానేమిటని ఆశ్చర్యపోకండి, అక్కడికే వస్తున్నాను.

టీబీలా కనబడి టీబీ కాని జబ్బును పోల్చుకోవడంలో మన తెలుగు నేలకు పాత అనుభవమే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ డెన్మార్క్ దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ చాలాకాలం పనిచేశాడు. క్షయ అని రాసి పంపిన రోగుల్లో కొందరు ఆయనకు తేడాగా తోచారు. రాత్రిపూట తెరలు తెరలుగా దగ్గు, పిల్లికూతలు, జ్వరం, ఎక్స్‌రేలో రెండు వైపులా సన్నసన్నటి మచ్చలు. తెమడలో మాత్రం క్షయ క్రిమి లేదు. రక్తం తీసి చూస్తే ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. ఆయనా, బార్టన్ అనే సహచరుడూ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ఈ సంగతి రాశారు. క్షయను పోలిన వేరే జబ్బు ఒకటుందని చెప్పారు. మూడేళ్ల తర్వాత వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరుపెట్టాడు. మన కోస్తాలో ఈ మాట ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, ఆగని దగ్గు ఎవరికున్నా "నాకు ఇస్నోఫీలియా అండీ" అని తామే చెప్పేస్తుంటారు.

దానికి మూలం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులని తర్వాత తేలింది. రక్తంలోకి వచ్చిన పురుగు పిల్లల మీద శరీరం హద్దు మీరి విరుచుకుపడటం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దాన్ని తగ్గించే డైఇథైల్‌కార్బమజీన్ మందు 1947లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు ఈ ప్రసంగంలో మళ్లీ వస్తుంది.

ఆరోగ్యవరంలో తేలిన విషయం మన సంగతికి చాలా దగ్గరిది. క్షయ క్రిమి లేకపోయినా, శరీరం హద్దు మీరి విరుచుకుపడితే ఊపిరితిత్తుల్లో అచ్చం టీబీలాంటి చిత్రమే కనబడుతుంది. వాస్క్యులైటిస్‌లో శరీరం తన మీద తానే అలా విరుచుకుపడుతుంది.

ఒంట్లో ఉన్న రక్తమంతా, అంటే సుమారు ఐదు లీటర్లు, నిమిషానికోసారి ఊపిరితిత్తుల గుండా వెళ్లి వస్తుంది. గాలి నిండే చిన్న చిన్న సంచులు కోట్ల కొద్దీ ఉంటాయి. ఒక్కోదాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాల వల ఉంటుంది. గాలికీ రక్తానికీ మధ్య గోడ మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత పలచన కాబట్టే ఆక్సిజన్ రక్తంలోకి సులువుగా దిగుతుంది. ఆ పలచదనమే వాస్క్యులైటిస్ వచ్చినప్పుడు శాపమవుతుంది. క్రిముల్ని చంపాల్సిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రెచ్చిపోయి ఈ సన్నటి నాళాల గోడలకు అంటుకుని, తమలోని విషపదార్థాలను అక్కడే కుమ్మరిస్తాయి. గోడకు చిల్లు పడుతుంది. రక్తం గాలి సంచుల్లోకి కారుతుంది.

ఆ కణాల్ని రెచ్చగొట్టేవి రోగి శరీరమే తయారుచేసుకున్న యాంటీబాడీలు. వాటిని ఆంకా అంటారు. పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ఆరోగ్యవంతుడి న్యూట్రోఫిల్స్‌ను గాజుపలక మీద పరిచి, దానిమీద రోగి రక్తరసం వేసి, వెలిగే రంగు కలిపి మైక్రోస్కోపులో చూస్తారు. యాంటీబాడీలు ఉంటే చీకట్లో కణాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. కొందరి రక్తంతో కణం నిండా నలుసులు నలుసులుగా మెరుస్తుంది, మరికొందరి రక్తంతో మధ్యలో ఉన్న కేంద్రకం చుట్టూ మాత్రమే మెరుస్తుంది. ఏది ఎలా మెరిసిందన్న దాన్నిబట్టి జబ్బు ఏ రకమో అంచనా కడతారు. ఆస్ట్రేలియా వైద్యులు 1982లో మొదట దీన్ని గమనించారు. 1985లో వాన్ డెర్ వూడ్ బృందం లాన్సెట్‌లో ప్రచురించాక ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టింది. ఒక్క హెచ్చరిక చెప్పి తీరాలి. క్షయ ఉన్నవాళ్లలోనూ ఆంకా కొన్నిసార్లు పాజిటివ్ వస్తుంది. ల్యాబ్ కాగితం ఒక్కటి పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అవకాశం ఉన్నంతవరకు చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి.

ఊపిరితిత్తులకు ఈ జబ్బు రకరకాలుగా హాని చేస్తుంది. జీపీఏ అనే రకంలో గడ్డలు లేస్తాయి, గడ్డ మధ్యలో కుళ్లి డొల్ల పడుతుంది. ఎక్స్‌రేలో డొల్ల కనబడితే మన దేశంలో ఏ వైద్యుడైనా ముందు టీబీ అనే అనుకుంటాడు. ఈ రకానికి ఒకప్పుడు జర్మన్ వైద్యుడు వెగనర్ పేరుండేది. ఆయనకు నాజీ పార్టీతో సంబంధాలున్నట్టు బయటపడ్డాక 2011లో వైద్యసంఘాలు ఆ పేరు తీసేశాయి. పాత ఫైళ్లలో ఇంకా కనబడుతుంది కాబట్టి చెబుతున్నాను. ఇదే రకంలో గొంతు కింద శ్వాసనాళం సన్నబడిపోయి, మాట బొంగురుపోయి, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడొస్తుంది. ఆ చప్పుడును ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు పీల్చేవాళ్లున్నారు. ఎంపీఏ అనే మరో రకంలో కొందరికి ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడి మచ్చకడతాయి. ఇక నడివయసులో కొత్తగా ఉబ్బసం పట్టుకుని, రక్తంలో ఇసినోఫిల్స్ బాగా పెరిగి, ఒకనాడు హఠాత్తుగా పాదం పైకి లేవకుండా జారిపోతే అది మూడో రకం. న్యూయార్క్‌లో చర్గ్, స్ట్రౌస్ అనే ఇద్దరు వైద్యులు 1951లో దాన్ని వర్ణించారు. ఇసినోఫిల్స్ పెరగగానే ఫైలేరియా, నులిపురుగులు ఉన్నాయేమో చూడటం మన తీరంలో సరైన పద్ధతే. అవి లేవని తేలాక కూడా ఇస్నోఫీలియా అని సరిపెట్టుకోవడమే తప్పు.

అన్నిటికంటే ప్రమాదం గాలి సంచుల్లోకి రక్తం కారడం. విచిత్రం ఏమిటంటే, దాదాపు మూడోవంతు మందిలో దగ్గులో రక్తమే పడదు. రక్తం లోపలే నిలిచిపోతుంది. బయటికి కనబడేది ఆయాసం, పాలిపోయిన ముఖం, ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లటి మబ్బులు. చూసినవాళ్లు నెమ్ము అంటారు, న్యుమోనియా అంటారు. రెండు మూడు రోజుల్లో హిమోగ్లోబిన్ రెండు మూడు పాయింట్లు పడిపోతే, బయట ఎక్కడా రక్తస్రావం లేకపోతే, ఆ రక్తం ఎటు పోయిందని అడగాల్సింది ఊపిరితిత్తులనే. అప్పుడు బ్రాంకోస్కోపీ చేస్తారు. సన్నటి గొట్టాన్ని ఊపిరితిత్తిలోకి దింపి, కాస్త సెలైన్ పంపి వెనక్కి లాగుతారు. మూడుసార్లు లాగి మూడు సీసాల్లో పోస్తారు. గొట్టం గీసుకుని వచ్చిన రక్తమైతే కడిగేకొద్దీ పలచబడాలి. ఇక్కడ మొదటి సీసా లేత గులాబీ రంగులో ఉంటే రెండోది ఎరుపెక్కుతుంది, మూడోది చిక్కటి ఎరుపు. వరసగా పెట్టిన ఆ మూడు సీసాలను చూస్తే ఇంకెవరూ న్యుమోనియా అనరు. ఆ రోగికి గంటలు విలువైనవి.

ఇప్పుడు మూత్రం సంగతి. ఊపిరితిత్తిలో ఉన్నట్టే మూత్రపిండంలోనూ సన్నటి నాళాల ఉండలు లక్షల కొద్దీ ఉన్నాయి. ఈ జబ్బు చాలామందిలో రెండిటినీ ఒకేసారి పడుతుంది. ఊపిరితిత్తి దగ్గుతో, ఆయాసంతో అరిచి చెబుతుంది. మూత్రపిండం మాత్రం చప్పుడు చేయదు. నొప్పి ఉండదు, మంట ఉండదు, మూత్రం రంగు కూడా మామూలుగానే ఉండొచ్చు. కానీ రంగు పట్టీ ముంచితే రక్తమూ, ప్రొటీనూ ఉన్నట్టు చూపిస్తుంది. అలా చూపించినప్పుడు అదే మూత్రాన్ని తాజాగా, అనుభవమున్న మనిషి మైక్రోస్కోపులో చూడాలి. మూత్రపిండపు సన్నటి జల్లెడ గుండా నలిగి వచ్చిన ఎర్రకణాలు గుండ్రంగా ఉండవు. అంచులు వంకరపోయి, బుడిపెలు లేచి ఉంటాయి. కొన్ని ఒకదానికొకటి అంటుకుని, మూత్రపిండపు గొట్టం లోపలి ఆకారంలోనే పొడుగ్గా అచ్చుపోసినట్టు బయటికొస్తాయి. ఆ అచ్చు ఒక్కటి కనబడినా, రక్తం కారుతున్నది రాయి వల్ల కాదు, మూత్రపు మంట వల్ల కాదు, మూత్రపిండం లోపలి నాళాలు వాచాయనే అర్థం.

మన ఉత్తరాంధ్రలో మూత్రపిండాల సంగతి ఎవరికీ కొత్త కాదు. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో చదువురాని వాళ్లు కూడా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంతో చెప్పగలరు. ఎన్ని ఇళ్లు దుఃఖపడితే ఆ మాట అంత మామూలైందో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అందుకే అక్కణ్ణుంచి వచ్చిన మనిషికి క్రియాటినిన్ పెరిగితే ఉద్దానం జబ్బేనని అందరూ అనుకుంటారు. కానీ ఉద్దానం జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. మూత్రంలో సాధారణంగా పెద్దగా ప్రొటీన్ గానీ, రక్తం గానీ పోవు. వాస్క్యులైటిస్ అలా కాదు. పోయిన నెల ఒకటి ఉన్న క్రియాటినిన్ ఈ నెల మూడవుతుంది, వచ్చే నెలకు డయాలసిస్. ఆ వేగమూ, దగ్గూ, మూత్రంలో రక్తమూ మూడూ కలిస్తే ఏ ఊరి మనిషైనా సరే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

ఆలస్యం ఎందుకవుతుందో కూడా చెబుతాను. ఒక రోగిని ఊహించుకోండి. ముక్కు దిబ్బడ, ముక్కులో పక్కులు కట్టి రక్తం రావడం ఆరు నెలల కిందటి మాట. చెవి ముక్కు గొంతు డాక్టరు సైనస్ అన్నారు. కీళ్ల నొప్పులకు ఎముకల డాక్టరు మాత్రలిచ్చారు. కన్ను ఎర్రబడితే కళ్ల డాక్టరు చుక్కలు వేశారు. దగ్గు మొదలయ్యాక ఛాతీ డాక్టరు. ఎవరి పని వాళ్లు సరిగానే చేశారు. నాలుగు చీటీలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసిన మనిషి మాత్రం లేడు. మధ్యలో ఊళ్లో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలతో పదిరోజులు హాయిగా ఉండి, మానగానే మళ్లీ తిరగబెడుతుంది. ఆ పదిరోజుల హాయి వల్ల జబ్బు ఇంకా లోపలికి దాక్కుంటుంది. దయచేసి చీటీలేవీ పారేయకండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అన్నీ పట్టుకెళ్లండి. థైరాయిడ్ ఉధృతికి ప్రొపైల్‌థయోయురాసిల్, బీపీకి హైడ్రలజీన్ లాంటివి వాడుతుంటే తప్పకుండా చెప్పండి. కొద్దిమందిలో ఆ మందులే ఈ జబ్బును రేపుతాయి.

ఏం పని చేస్తారో కూడా చెప్పండి. ఉక్కు నగరంలో ఉంటూ ఈ మాట చెప్పకపోతే నా ప్రసంగం సగమే అవుతుంది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె నగరంలో పెద్ద భూకంపం వచ్చింది. కోబె కూడా మన విశాఖలాగే ఓడరేవు, ఉక్కు ఉన్న ఊరు. ఆరువేల మందికి పైగా చనిపోయారు. కూలిన కాంక్రీటు భవనాల దుమ్ము ఊరంతా కమ్మింది. ఆ తర్వాతి కాలంలో ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ పట్టే ఆంకా వాస్క్యులైటిస్ కేసులు అక్కడ పెరిగాయని జపాన్ వైద్యులు గుర్తించారు, సిలికా దుమ్మును అనుమానించారు. ఇసుకలో, రాతిలో, కాంక్రీటులో ఉండే సిలికా నలుసులు ఊపిరితిత్తిలోకి దిగితే వాటిని మింగిన కణాలు జీర్ణించుకోలేవు. అక్కడ మంట ఆరకుండా రగులుతూనే ఉంటుంది. సిలికా దుమ్ములో పనిచేసినవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని ఇతర దేశాల పరిశీలనల్లోనూ కనబడింది.

మన ఉక్కు కర్మాగారంలోని ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటికి కావలసిన కోక్‌ను తయారుచేసే ఓవెన్ల లోపల పేర్చేది సిలికా ఇటుకలే. ఆ ఇటుకలు కోసేవాళ్లు, విరిగిన వరస తీసి కొత్తది కట్టేవాళ్లు, కాంట్రాక్టు మీద ఈ రోజు ఇక్కడా రేపు ఇంకో చోటా పనిచేసేవాళ్లు, క్వారీల్లో రాయి కొట్టేవాళ్లు, గ్రానైటు కోసేవాళ్లు, తుప్పు వదలడానికి ఇనుము మీద ఇసుక చిమ్మే పనివాళ్లు, వీళ్లందరికీ ఈ సంగతి తెలియాలి. రేవు పక్క కాలనీల్లో కిటికీల మీద పడే బొగ్గు దుమ్ము వేరు, సిలికా వేరు. బొగ్గు దుమ్ము మంచిదని కాదు, కానీ ఈ జబ్బుతో సంబంధం కనబడింది సిలికా దుమ్ముకు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే అది ఆగదు. అంత సన్నటి నలుసును ఆపేది తడిపి కోయడం, దుమ్మును పుట్టిన చోటే పీల్చేసే యంత్రం, ముఖానికి సరిగ్గా అతుక్కునే మాస్కు. ఇవి సమకూర్చాల్సిన బాధ్యత పని చేయించేవాళ్లది. సిలికా దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్, చట్టం ప్రకారం సర్కారుకు తెలియజేసి తీరాల్సిన జబ్బు. ఆ చట్టాన్ని పనివాడు అడిగి అమలు చేయించుకోవాల్సి రావడమే నాకు బాధ కలిగించే విషయం.

వైద్యం గురించి ధైర్యంగా చెప్పగలను. 1958 నాటి లెక్క ప్రకారం వైద్యం లేని జీపీఏ రోగి సగటున బతికింది ఐదు నెలలు. ఏడాది తిరిగేసరికి నూటికి 82 మంది పోయేవారు. కోవిడ్ రోజుల్లో టీవీలో రోజూ కనబడిన ఆంథొనీ ఫౌచీ గుర్తున్నారు కదా. ఆయనా, షెల్డన్ వుల్ఫ్ అనే వైద్యుడూ 1970ల్లో స్టెరాయిడ్‌కు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు తోడుచేసి ఆ కథ మార్చారు. 1983లో వాళ్లు ప్రకటించిన 85 మంది రోగుల్లో నూటికి 93 మందికి జబ్బు పూర్తిగా అణిగింది. ఆ మందు మూత్రాశయాన్ని, సంతానశక్తిని దెబ్బతీయగలదు కాబట్టి వేరే దారి వెతికారు. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ దానికి సాటిగా పనిచేస్తుందని 2010లో రుజువైంది. ఆ మందును మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో, క్యాన్సర్ కోసం, అమ్మకానికి తెచ్చి ఉంది. స్టెరాయిడ్ కూడా మునుపటంత మోతాదులో అక్కర్లేదని, తగ్గించి ఇస్తే ఫలితం తగ్గకుండా ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని 704 మంది మీద జరిగిన అధ్యయనం 2020లో చూపించింది.

మూత్రపిండాలు బాగుండి, జబ్బు తేలికగా ఉన్నవాళ్లకు మెథోట్రెక్సేట్ మాత్రలు ఇస్తారు. సుబ్బారావు గారి పేరు మళ్లీ వస్తుందన్నది ఇక్కడే. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిందీ, ఆ దారిలోనే మెథోట్రెక్సేట్‌ను తెచ్చిందీ లెడర్లేలో ఆయన నడిపిన బృందమే. ఈ రోజుకూ మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కలిపి రాస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారం పేరు పెద్ద అక్షరాలతో రాయించుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

ఈ మందులన్నీ రోగనిరోధక శక్తిని తగ్గించేవే. కాబట్టి టీబీ మళ్లీ మన కథలోకి వస్తుంది. వైద్యం మొదలెట్టే ముందు క్షయ లేదని చూసుకోవాలి, హెపటైటిస్ బీ కూడా చూసుకోవాలి. న్యూమోసిస్టిస్ అనే ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ మాత్ర ఇస్తారు. చిన్న మాత్ర కదా అని దాన్ని మానేసినవాళ్లు వాస్క్యులైటిస్ నుంచి గట్టెక్కి న్యుమోనియాతో పోవచ్చు. కొత్తగా దగ్గు, జ్వరం వస్తే జబ్బు తిరగబెట్టిందా, ఇన్ఫెక్షనా అన్నది చూడకుండా స్టెరాయిడ్ పెంచుకోకూడదు.

ఇంతవరకు చెప్పినవి సన్నటి నాళాల సంగతి, పెద్ద రక్తనాళాలను పట్టే వాస్క్యులైటిస్ రకాలూ ఉన్నాయి. జపాన్ కంటి వైద్యుడు తకయాసు 1908లో గుర్తించిన జబ్బు మన దేశంలో వయసులో ఉన్న ఆడపిల్లలకు ఎక్కువగా వస్తుంది. ఒక చేతి నాడి అందదు, రెండు చేతుల బీపీకి పొంతన ఉండదు. కొందరిలో ఊపిరితిత్తికి రక్తం తీసుకెళ్లే ధమని కూడా ఇరుకైపోయి ఆయాసం వస్తుంది. నోట్లో, మర్మాంగాల దగ్గర పదే పదే పుళ్లు వచ్చే బెషెట్ జబ్బులో అదే ధమని బుడగలా ఉబ్బి, ఒక్కసారిగా రక్తం కక్కించగలదు.

విశాఖలో వెళ్లాల్సిన చోటు గురించి అడిగితే, 1923 నుంచి ఉన్న కేజీహెచ్ ఆసుపత్రి ఉంది, ఛాతీ ఆసుపత్రి ఉంది, ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులున్నారు. హైదరాబాదు వెళ్లగలిగితే నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఛాతీ వైద్యుడు, మూత్రపిండాల వైద్యుడు, కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు మేలు.

జబ్బు అణిగాక కూడా కొందరికి తిరగబెడుతుంది, కొన్ని నెలలకో కొన్నేళ్లకో. తిరగబెట్టేటప్పుడు చాలాసార్లు మొదటి కబురు ముక్కులో పక్కులతోనో, మూత్రంలో రక్తకణాలతోనో వస్తుంది. అందుకని చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ, ఒంట్లో బాగానే ఉన్నా, డాక్టరు అడగడం మరిచినా, మూత్ర పరీక్ష, క్రియాటినిన్ చేయించుకుని ఆ కాగితాన్ని పాత ఫైలులో తేదీల వరసన పెట్టుకోండి.